నాలుగో ఆకు

తార్తులో డిసెంబరు.
సూర్యుడు తొమ్మిదింటికి వస్తాడు,
మూడున్నరకి వెళ్ళిపోతాడు,
పూటకూలికి కుదిరినవాడిలా
పొయ్యి రాజుకునేలోపే చేతులు కడుక్కుని.

ఐదో అంతస్తు కిటికీ.
కింద కాలే రేడియేటరు, పక్కన మంచు పేరిన అద్దం,
రెంటికీ మధ్య నా మాన్‌స్టెరా.

అక్టోబరులో రొట్టెల డబ్బాలో వచ్చింది,
తడి నాచు చుట్టిన ఒక కణుపు, ఒక్క ఆకు.
ఎంత పోశానో మాయ్రెకి చెప్పలేదు.
ఈ ఏడూ పాత కోటే వేసుకుంటానని మాత్రం చెప్పాను.

ఆ మొదటి ఆకు పచ్చ మీద పాలు చిందినట్టు ఉండేది.
రెండోది సగం సగం, ఈనె పట్టుకుని పంచుకున్నట్టు.
మూడోది విచ్చుకుంటే
వెతికినా పచ్చ చుక్క లేదు.
అంతా తెలుపే.
మెట్లకి అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా వచ్చారు,
బూట్లు బయట విడిచి, గొంతు తగ్గించి మాట్లాడుతూ,
పురుడు చూడ్డానికి వచ్చినట్టు.

పదిహేను రోజులకి అంచున గోధుమరంగు,
రొట్టె మాడినట్టు.
దాహమేమో అనుకుని నీళ్ళు పోశాను.
ఆకలేమో అనుకుని ఎరువు వేశాను.
చలేమో అని జరిపాను, వేడేమో అని మళ్ళీ జరిపాను.
ఆకుల మీద నీళ్ళు చల్లాను, పొద్దున్నా సాయంత్రమూ.
కుండీ మీద చిన్న చిన్న ఈగలు లేచాయి.
చేతికి తోచిందల్లా చేశాను,
చేతులు కట్టుకుని కూర్చోవడం ఒక్కటి తప్ప.

కింది ఇంటి హెల్దుర్‌ని పిలిచాను.
ఒకప్పుడు సర్కారు గాజుతోటలో దోసకాయలు పండించిన మనిషి.
ఆకు వైపు చూడనే లేదు.
మట్టిలో వేలు పెట్టి, వాసన చూసి,
"మురిగిన మసిగుడ్డ" అన్నాడు.
మొక్కని పైకి లాగాడు.
వేళ్ళు ఉడికిపోయిన సేమ్యాలా
పట్టుకుంటే తోలు జారిపోయాయి.

"లెయిదా, తెల్లాకు వండదు.
పచ్చది వండి పెడితే తింటుంది.
తినే నోళ్ళు పెరిగి వండే చెయ్యి ఒక్కటే అయితే
ఆ ఇల్లు ఎన్నాళ్ళు నడుస్తుంది?"

నాకా చెబుతాడు?
ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో గంటె తిప్పాను.
యాభయ్యేళ్ళ పండగకి తీసిన ఫొటో ఉంది,
మెట్ల మీద వరసగా తెల్ల చొక్కాల పాటల బృందం.
మేం ఆ ఫొటోలో లేం.
వాళ్ళు తిన్న పళ్ళేలు కడుగుతున్నాం.

అయినా ఆ తెల్లాకునే చూస్తూ కూర్చున్నాను చూడు
రెండు వారాలు,
పక్కనున్న రెండు ఆకుల మీద దుమ్ము కూడా తుడవకుండా.

ఆకు కాదు, కాడ చూడాలన్నాడు హెల్దుర్.
పచ్చకాడలో సన్నటి తెల్లదారం పాకిన చోట,
ఆ కణుపుకి పైన కొయ్యాలి.
కత్తికి స్పిరిట్ రాశాను.
చెయ్యి వణికింది, చేపని కోసినప్పుడు ఏనాడూ వణకలేదు.
కోతకి దాల్చినచెక్క పొడి అద్దాను,
తీపి బన్నుల కోసం దాచింది.
కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, కుండీ మార్చి,
మట్టి తగ్గించి, చెట్టు బెరడూ పెర్లైటూ ఎక్కువ కలిపాం.

తెల్లాకుని గాజు గ్లాసులో పెట్టాను.
తొమ్మిది రోజులుంది.
దాని ఎదురుగా కూర్చుని నల్ల రొట్టె తిన్నాను.
అది ఏ పనీ చెయ్యలేదు.
అందంగా ఉంది, అంతే.
అది తప్పని ఇప్పటికీ అనలేను.

ఇప్పుడు ఫిబ్రవరి.
ఎమాయొగి ఏటి మీద ఇంకా పిల్లలు జారుతున్నారు.
కోసిన చోట కింద ఒక మొలక,
చుట్టచుట్టుకున్న నాలుగో ఆకు.
మెట్ల మీద కనిపిస్తే హెల్దుర్ అడుగుతాడు, ఏం రంగని.
పూర్తి పచ్చగా వస్తే మళ్ళీ కోసెయ్యమంటాడు,
చారలు కావాలంటే అంతేనట.
ఆ ఒక్క మాటా వినను.
ఇంతమందికి వండబోయే దాన్ని ఎలా కోస్తాను?

తెలిసేదాకా నాకున్న పని చిన్నది.
రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూస్తాను,
రెండో కణుపు దాకా.
పైన పొడి.
లోపల ఇంకా తడి.
ఇవాళ నీళ్ళు వద్దు.